పట్టీ కింద వేలు

నిన్న రాత్రి ఫైర్ స్టేషన్ హాల్లో
మడత కుర్చీలేసుకుని ఒకే మాట మీద కొట్టుకున్నాం:
పాత సీసపు గని పక్కనుంచి మా లోయలోకి దిగే సైకిలు దారి మొదట్లో
హెల్మెట్ లేనిదే దిగరాదని బోర్డు పెట్టాలా, అక్కర్లేదా.
ఆస్ట్రియా సరిహద్దుకి ఇటువైపు స్లొవేనియా ఊళ్ళో
ఇంతకన్నా పెద్ద తగువు ఈ ఏడు రాలేదు.

ముందు లేచింది ఓజ్‌బెయ్.
ఆ దారి తవ్విన చేతులు అతనివి.
ఒక్కో మలుపుకీ ఒక్కో మేనత్త పేరు పెట్టాడు.
"కొండ కచేరీ కాదు" అన్నాడు,
"నా తల నాది. దాని రాతా నాదే.
ఇవాళ తలకి చట్టం, రేపు మోచేతికి,
ఎల్లుండి స్ప్రూస్ చెట్లకి దూది చుట్టమంటారు."
నవ్వాం. నేనూ నవ్వాను.
చెప్పొద్దూ, హెల్మెట్ లేకుండా అతను సైకిలెక్కడం
పదిహేనేళ్ళలో ఒక్కసారీ చూళ్ళేదు.

తర్వాత నేజా, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు.
వాదించలేదు.
మూడు వారాలకి కళ్ళు తెరిచిన ఒక కుర్రాడు
చెంచా చూసి "ఇదేంటి" అన్నాడట.
వాళ్ళమ్మ పూటపూటా చెబుతోందట,
చెంచా, నాన్నా, చెంచా.
ఎవరి కుర్చీయో కిర్రుమంది.

ముసలి రోజాలియా కూర్చునే మాట్లాడింది.
"గనిలోకి మా ఆయన
టోపీ లేకుండా ఒక్కరోజు దిగలేదు.
రాయి ఛాతీ మీద పడింది.
టోపీకి గీతైనా పడలేదు.
ఇప్పుడు అందులో గుడ్లు పెట్టుకుంటున్నా."
అయితే బోర్డు వద్దంటావా అని అడిగాడు అధ్యక్షుడు.
"వద్దని ఎవరన్నారు? పెట్టండి.
దాన్ని చూసి రాయి పక్కకి తప్పుకుంటుందని మాత్రం
పిల్లలకి చెప్పకండి."

నాది సైకిళ్ళు బాగుచేసే కొట్టు.
ఈ ఊరి తలల కొలతలన్నీ నాకు నోటికొచ్చు.
లేనార్ట్‌ది అరవై మూడు, అంత తల ఇంకోటి లేదు.
గోడన మేకుకి పగిలిన హెల్మెట్ ఒకటి వేలాడుతుంది.
నాదే.
దానితో పాటు ఒక మంగళవారం మధ్యాహ్నం పోయింది,
ఎంత వెతికినా గుర్తుకు రాదు.
ఎక్కడ పారేసుకున్నానో మాత్రం తెలుసు:
మూడో మేనత్త దగ్గర.
అడిగితే చూపిస్తాను, అడక్కపోతే లేదు.
సరుకు అమ్ముకోడానికి కథ చెబుతోందనుకుంటారు.

చేతులెత్తమన్నారు.
అటు పదకొండు, ఇటు పదకొండు.
అందరూ నావైపు చూశారు.
అప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ మంగళవారం కాదు.
పదహారేళ్ళప్పుడు, వాన వెలిసిన పొద్దుట,
నెత్తిన ఏమీ లేకుండా దిగుతుంటే
గాలి చిక్కులు తీస్తూ తల దువ్వడం.
ఆ పిల్లని ఏ బోర్డుతో ఆపను?
ఆపి ఉంటే ఈ కొట్టు పెట్టేదా?
బతికి బట్టకట్టిందంటే అది దాని తెలివి కాదు,
ఆ రోజు రాళ్ళ మర్యాద.

చెయ్యి సగం లేచి ఆగిపోయింది.
సగం చేతికి లెక్క లేదన్నాడు అధ్యక్షుడు.
వచ్చే నెలకి వాయిదా.

ఇవాళ పొద్దున దారి మొదట్లో
ఓజ్‌బెయ్ గుంట తవ్వుతున్నాడు, బోర్డు స్తంభానికి.
"ఏం రాయాలో తేలనే లేదుగా" అన్నాను.
"నేల గడ్డకట్టకముందే తవ్వాలి. రాత తర్వాత."

అంతలో ఒక పిల్ల వచ్చింది, పన్నెండేళ్ళుంటాయేమో,
హెల్మెట్‌ని హ్యాండిల్‌కి సంతసంచిలా తగిలించుకుని.
అతను పార ఆపాడు.
చట్టం మాటెత్తలేదు, నేనూ ఎత్తలేదు.
మట్టిచేతులు ప్యాంటుకి తుడుచుకుని, వంగి,
దాన్ని తీసి ఆమె నెత్తిన పెట్టాడు.
గడ్డం చర్మం నలక్కుండా
పట్టీ కింద తన వేలొకటి అడ్డం ఉంచి నొక్కాడు.
టిక్.

పిల్ల మొదటి మేనత్తని దాటి కనుమరుగైంది.
"మరి దీన్నేమంటావు?" అన్నాను.
గుంటలోకి చూస్తూ
"ఇంకో జానెడు దిగాలి" అన్నాడు.